ఆ పిల్లని సరిగ్గా కూర్చోమనకండి

పారిస్‌లో స్థిరపడ్డ అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ వేసిన ‘నీలం కుర్చీలో చిన్నపిల్ల’ బొమ్మ చూసి ‘అబ్బ, ఎంత ముద్దుగా ఉందో’ అనేవాళ్లతో నాకు పేచీ. ముద్దుగా ఉండటానికి ఆ పిల్ల చేసిందేముంది? నవ్వలేదు. మన వైపు చూడలేదు. చేతిలో పువ్వు లేదు, ఆటబొమ్మ లేదు. తన ఒంటికి రెండింతలున్న కుర్చీలో జారగిలబడి, కాళ్లు ఎడంగా వేలాడేసి, గౌను నలిగిపోతోందన్న ధ్యాస కూడా లేకుండా, కిందికి ఎటో చూస్తోంది. మొహం నిండా విసుగు. ‘ఇంకెంతసేపూ’ అని అడిగి అడిగి, ఎవరూ పలక్కపోతే అడగడం కూడా మానేసిన పిల్ల విసుగు.

కసాట్ చేరిన గుంపు ఇంప్రెషనిస్టులు, పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో చూసిన క్షణాన్నీ వెలుతురునీ గబగబా కుంచెతో పట్టుకున్న చిత్రకారులు. వాళ్ల బొమ్మలకి ఒక దురదృష్టం పట్టుకుంది. క్యాలెండర్లకీ కాఫీ కప్పులకీ హోటల్ గోడలకీ అవి బాగా నప్పుతాయి. మోనే కలువలూ రెన్వార్ బుగ్గలూ చూసి చూసి, ఇవి ఒకప్పుడు జనానికి కోపం తెప్పించాయంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. అందులోనూ ఆడవాళ్లు వేసినవి, ఇంట్లో దృశ్యాలు, పిల్లలు అనేసరికి చూసేవాళ్ల గొంతు ఇంకాస్త మెత్తబడుతుంది. ఆ మెత్తబడటమే నాకు గిట్టదు. 1878లో వేసిన ఈ బొమ్మ అంత మొహమాటం లేకుండా పిల్లల్ని చూపించినవి నేను చాలా తక్కువ చూశాను.

దగ్గరికి వెళ్లి చూస్తే పిల్ల కన్నా ముందు ఆ నీలం మన మీద పడుతుంది. ముందు రెండు పెద్ద కుర్చీలు, వెనక సోఫా, ఇంకో కుర్చీ, అన్నీ ఒకే గుడ్డ కుట్టినవి. ఆకుపచ్చ కలిసిన నీలం మీద గులాబి, తెలుపు, ఎరుపు మరకల్లాంటి పూలు. పూలని పద్ధతిగా గీయలేదు, కుంచెతో గబగబా కొట్టి వదిలేసింది. కొన్నిచోట్ల ఆ మరకలు గుడ్డ మీద ఉన్నాయో గాల్లో ఉన్నాయో తెలియదు. కుర్చీలు బొమ్మ అంచుల్లో తెగిపోయి ఉంటాయి, ఫొటోలో సగం పడ్డ చుట్టాల్లాగా. వెనక కిటికీల్లోంచి బూడిదరంగు వెలుతురు వస్తుంది కానీ బయట ఏముందో కనిపించదు. నేల మీద తివాచీ లేదు. కుర్చీల మధ్య మిగిలిన ఆ గోధుమ బూడిదరంగు ఖాళీకి ఒక పద్ధతైన ఆకారం కూడా లేదు. పిల్ల కుడివైపు కుర్చీలో ఉంటే, ఎడమవైపు కుర్చీలో చిన్న కుక్క ముడుచుకుని పడుకుంది. తెల్ల గౌను, నడుముకి గళ్ల గుడ్డ, అదే గళ్ల మేజోళ్లు, నల్ల బూట్ల మీద మెరిసే బకిల్స్. ఒక చెయ్యి తల వెనక్కి మడిచింది. పాదాలు నేలకి అందవు.

అంటే ఎవరో ఈ పిల్లని పొద్దున్నే శుభ్రంగా తయారుచేశారు. గళ్ల గుడ్డకి మేజోళ్లు మ్యాచింగ్ చేశారు. బకిల్స్ తుడిచారు. తరవాత ఆ పిల్ల ఆ ముస్తాబుని ఏం చేసిందో కసాట్ చూపించింది. పెద్దవాళ్లు పడ్డ శ్రమకీ, ఆ శ్రమ మీద పిల్లకున్న ఖాతరులేనితనానికీ మధ్యనే ఉంది ఈ బొమ్మ మొత్తం. ఇంకో సంగతి: మనం ఈ గదిని నిలబడ్డ మనిషి ఎత్తు నుంచి చూడటం లేదు. చూపు బాగా కిందికి, పిల్ల ఎత్తుకి దిగి ఉంది. ఆ ఎత్తులోంచి కుర్చీలు కొండల్లా లేవడం సహజమే. గదిలో పెద్దవాళ్లెవరూ లేరు. ‘అలా కాదు, ఇలా’ అనే మనిషి ఎవరూ లేరు.

అసలు బొమ్మ వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. పాల్ మెలన్ దంపతుల సేకరణ నుంచి 1983లో అక్కడికి చేరింది. మూడడుగుల ఎత్తు, నాలుగడుగుల పైచిలుకు వెడల్పు. గ్యాలరీకి టికెట్ లేదు. వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉండే మనవాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తిప్పే లిస్టులో కాపిటల్, వైట్‌హౌస్, స్పేస్ మ్యూజియం ఖాయంగా ఉంటాయి. ఆ స్పేస్ మ్యూజియానికి ఎదురుగా, మైదానానికి అవతలి పక్కనే ఈ గ్యాలరీ. లోపలికి వచ్చే మనవాళ్లు మాత్రం తక్కువ.

నేను మా చెల్లెలితోనూ దాని అత్తగారితోనూ వెళ్లాను. ఆవిడకి కాళ్ల నొప్పులు, పైగా బొమ్మల మీద పెద్ద ఆసక్తి లేదు. కానీ ఈ బొమ్మ ముందు మాత్రం ఆగారు. కళ్లజోడు సర్దుకుని చూసి, “ఇదేంటమ్మాయ్, ఆడపిల్ల ఇలా కూర్చుంది? కాళ్లు దగ్గరికి పెట్టుకోమని ఎవరూ చెప్పలేదా?” అన్నారు. మా చెల్లెలు ఇబ్బందిగా నవ్వి, “అత్తయ్యా, అది ఆర్ట్” అంది. “ఆర్టయితే మాత్రం?” అన్నారావిడ.

ఈ బొమ్మ గురించి నేను విన్నవాటిలో ఆవిడ మాటే అన్నిటికన్నా సూటిగా ఉంది. ‘సో క్యూట్’ అన్నవాళ్లకి కనపడనిది ఆవిడకి ఒక్క చూపులో కనపడింది. ఇక్కడ ఒక నియమం తప్పింది. తప్పిందని పిల్లకి తెలియదు, చెప్పేవాళ్లు గదిలో లేరు, వేసినావిడ చెప్పదలుచుకోలేదు. మన ఇళ్లలో ఆడపిల్లకి అక్షరాలకన్నా ముందు వచ్చే పాఠం కదా అది! కాళ్లు దగ్గరికి పెట్టుకో, గౌను సర్దుకో, వీపు వంచకు, ఎవరైనా వస్తే లే. నాకు మా నానమ్మ చెప్పింది. మా నానమ్మకి వాళ్ల అత్తగారు చెప్పి ఉంటారు. పారిస్‌లో డబ్బున్న ఇళ్లలో పందొమ్మిదో శతాబ్దపు ఆడపిల్లలకీ దాదాపు ఇదే పాఠం. అందుకే అప్పటి మనుషులకి ఈ బొమ్మ మింగుడు పడలేదనుకుంటాను.

నిజంగానే మింగుడు పడలేదు. 1878లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అందులో అమెరికా విభాగానికి కసాట్ ఈ బొమ్మ పంపింది. తిప్పి పంపేశారు. పాతికేళ్ల తరవాత, 1903లో, బొమ్మల వ్యాపారి ఆంబ్రోజ్ వొలార్‌కి రాసిన ఉత్తరంలో కూడా ఆవిడ కోపం చల్లారలేదు. ఆ పిల్ల తన తోటి చిత్రకారుడు దెగా స్నేహితుల బిడ్డ అనీ, కుర్చీలో పిల్లని తను వేశాక దెగా చూసి బాగుందన్నాడనీ, వెనక గది గురించి సలహా ఇచ్చి స్వయంగా కొంత పని కూడా చేశాడనీ రాసింది. అయినా కాదన్నారు, అదీ ముగ్గురు మనుషుల జ్యూరీ, అందులో ఒకాయన మందుల షాపాయన అని రాసింది. నాకు ఆ ఉత్తరంలో బాగా నచ్చేది ఆ మందుల షాపాయనే. ఇన్నేళ్లు గడిచినా ఆయన్ని వదల్లేదు చూడండి.

దెగా చెయ్యి గురించి కూడా ఒక మాట అనాలి, ఎందుకంటే ఈ బొమ్మ గురించి ఎక్కడ చదివినా దాని చుట్టూనే తిరుగుతారు. 2014లో ఇదే గ్యాలరీ దెగా, కసాట్ ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఒక ప్రదర్శన చేసింది. అప్పుడు బొమ్మని ఇన్‌ఫ్రారెడ్‌లో పరిశీలిస్తే, వెనక గోడ మొదట్లో అడ్డంగా, తిన్నగా ఉండేదనీ, తరవాత దాన్ని ఏటవాలుగా మార్చి గదికి ఒక మూల తెచ్చారనీ తేలింది. ఆ మూల వల్లనే గది లోతుగా, ఖాళీగా, కొంచెం అదుపు తప్పినట్టుగా అనిపిస్తుంది. మంచి సలహానే. ఒప్పుకుంటాను. కానీ ఇక్కడి నుంచి ‘చూశారా, అసలు గొప్పదనం దెగాదే’ అనేదాకా వెళ్లేవాళ్లున్నారు. దెగా పని చేశాడన్న సంగతి మనకి తెలిసింది మొదట ఇన్‌ఫ్రారెడ్ వల్ల కాదు, కసాట్ తనంతట తాను చెప్పడం వల్ల. ఇంకొకరి సాయం తీసుకున్నానని బాహాటంగా ఉత్తరంలో రాసేది తన పని మీద నమ్మకం ఉన్న మనిషే. గోడకి మూల దెగా తెచ్చాడు. ఆ మూలకి ఎదురుగా కూర్చున్న పిల్లని, ఆ కూర్చోడాన్ని, దెగా చూసేటప్పటికే ఆవిడ వేసేసింది.

అదే సంవత్సరం, అదే పారిస్‌లో రెన్వార్ ఏం వేశాడో చూస్తే తేడా తెలుస్తుంది. 1878లో ఆయన ఒక పెద్ద పబ్లిషరు భార్య మదాం షార్పాంతియేనీ ఆవిడ పిల్లలనీ కలిపి ఒక పెద్ద కాన్వాసు వేశాడు. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. జపాన్ అలంకరణ చేసిన గది, నల్ల దుస్తుల్లో తల్లి, ఒకే రకం లేత నీలం తెలుపు గౌన్లలో ఇద్దరు పిల్లలు. అందులో చిన్నవాడు నిజానికి మగపిల్లాడు, అప్పటి రివాజు ప్రకారం గౌను వేశారు. పెద్దపిల్ల ఏకంగా ఇంట్లో ఉన్న పెద్ద కుక్క మీదే కూర్చుని ఉంటుంది. అందరి జుట్టూ మెరుస్తూ ఉంటుంది. బొమ్మ అద్భుతంగా ఉంటుంది, అందులో సందేహం లేదు. మరుసటి ఏడు పారిస్‌లో జరిగే అధికారిక చిత్రప్రదర్శన సలోన్‌లో పెడితే పేరొచ్చింది, రెన్వార్‌కి ఆర్డర్లు పెరిగాయి. పిల్లలు, కుక్క, ఖరీదైన గది, అన్నీ రెండు బొమ్మల్లోనూ ఉన్నాయి. కానీ అక్కడ పిల్లలు ఇంటి వైభవంలో భాగం. వాళ్లని చూసి మనం ఆ ఇంటిని మెచ్చుకోవాలి. ఆ కుక్క కూడా తన బాధ్యత తెలిసినట్టే పడుకుని ఉంటుంది. కసాట్ పిల్లని చూసి ఆ ఇంటిని మెచ్చుకోవడం కుదరదు. వాళ్లమ్మ ఎవరో గానీ ఈ బొమ్మ చూస్తే ముందు తల పట్టుకునేది.

పైగా కసాట్‌కి రాచపిల్లల బొమ్మలు తెలియక కాదు. 1872లో స్పెయిన్ వెళ్లి మాడ్రిడ్‌లో పదిహేడో శతాబ్దపు ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్ బొమ్మల్ని శ్రద్ధగా చూసింది. ప్రాడో మ్యూజియంలో ఆయన వేసిన రాకుమారి మార్గరీటా, అయిదేళ్ల పిల్ల, తలుపు పట్టనంత వెడల్పు గౌనులో నిటారుగా నిలబడి ఉంటుంది. చుట్టూ చెలికత్తెలు, ముందు నిద్రపోతున్న కుక్క. ఆ పిల్ల తను ఎవరో తెలుసుకుని నిలబడింది. నీలం కుర్చీలో పిల్లకి తను ఎవరన్న తలపే లేదు. అమెరికా నుంచి వచ్చిన ఒక ముప్ఫై నాలుగేళ్ల ఆవిడ, అంత పెద్ద సంప్రదాయాన్ని చూసి వచ్చి, దాన్ని కుర్చీలో ఇలా జారేసిందంటే అది తెలియనితనం కాదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: పిల్ల పోజు పెట్టలేదంటున్నావు, మరి ఇంత పెద్ద బొమ్మ పోజు లేకుండా ఎలా వచ్చింది? మంచి ప్రశ్న. ఆ పిల్ల ఒక్క క్షణం అలా జారబడితే కసాట్ కెమెరా నొక్కలేదు. ఒక చెయ్యి తల వెనక, కాళ్లు అలా, మొహం ఇలా అని పిల్లని పదే పదే అక్కడికి తీసుకురావాల్సిందే. నాలుగైదేళ్ల పిల్లని అలా ఉంచడం ఎంత టెన్షనో పిల్లలున్న ఇళ్లలో చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ నిర్లక్ష్యం కూడా ఒక పోజే. కానీ నాకైతే ఇందులో వైరుధ్యం కనపడదు. ఆ విసుగు నాటకం కాదు కదా. పిల్లల్ని మోడల్‌గా కూర్చోబెడితే వచ్చేది విసుగే. చిత్రకారులందరూ దాన్ని దాచి, బుగ్గల మీద నవ్వు పులిమారు. కసాట్ ఎదురుగా ఉన్నదాన్నే బొమ్మకి విషయం చేసుకుంది. పని చేసే గదిలో నిజంగా జరుగుతున్నదాన్ని వేసింది.

మా చిన్నప్పుడు ఊళ్లో ఫొటో స్టూడియోకి తీసుకెళ్తే దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. మొహానికి పౌడరు, బుగ్గన దిష్టిచుక్క, వెనక తాజ్‌మహల్ తెర, గుండ్రటి స్టూలు. గడ్డం పట్టుకుని పైకెత్తి, “కదలొద్దు, ఇటు చూడు, పిట్ట వస్తుంది” అనేవాడు ఫొటోగ్రాఫరు. పిట్ట ఎప్పుడూ రాలేదు. ఆ ఫొటోలన్నిట్లోనూ నేను ఒకేలా ఉంటాను: భయంగా, బిగుసుకుపోయి, రెండు చేతులూ ఒళ్లో. ఆ ఫొటోల్లో ఉన్నది మా అమ్మావాళ్లు కోరుకున్న పిల్ల. ఇంట్లో మధ్యాహ్నం పూట, పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే, మడతకుర్చీలో తలకిందులుగా పడుకుని ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టే పిల్లకి మాత్రం ఒక్క ఫొటో లేదు. మా తరం వాళ్లెవరికీ ఉండదు. అందుకేనేమో ఒక ఫ్రెంచి ఇంటి పిల్లలో, నాకేమాత్రం సంబంధం లేని నీలం కుర్చీల మధ్య, ఆ మధ్యాహ్నాన్ని గుర్తుపట్టాను.

ఇక కసాట్ జీవితం మీద చెప్పే కథ ఒకటుంది, దానితో నాకు ఇంకా పెద్ద తగాదా. ఆవిడ 1844లో పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్ పక్కన, డబ్బున్న ఇంట్లో పుట్టింది. ఫిలడెల్ఫియాలో చదివి, 1866లో పారిస్ చేరింది. అక్కడి ప్రభుత్వ చిత్రకళాశాల ఎకోల్ దె బోజార్ ఆడవాళ్లని 1897 దాకా చేర్చుకోలేదు. అందుకని ప్రైవేటుగా నేర్చుకుంది, లూవ్ర్ మ్యూజియంలో పాత బొమ్మలు కాపీ చేసుకుంటూ నేర్చుకుంది. స్టూడియో ఖర్చు బొమ్మలమ్మి నువ్వే తెచ్చుకోవాలని తండ్రి షరతు. 1877లో దెగా వచ్చి మా ఇంప్రెషనిస్టులతో కలిసి ప్రదర్శించమని అడిగితే ఒప్పుకుంది. ఆ గుంపు ప్రదర్శనల్లో జ్యూరీల పీడ లేదు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తరవాతి రోజుల్లో తల్లీబిడ్డల బొమ్మలు చాలా వేసింది. ఈ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి, ‘పాపం, పిల్లల్లేరు కదా, ఆ లోటు బొమ్మల్లో తీర్చుకుంది’ అని తేల్చేస్తారు. ఎంత తేలిగ్గా అంటారో!

దెగా కూడా పెళ్లి చేసుకోలేదు. జీవితమంతా బాలే డాన్సర్లని వేశాడు. ‘పాపం, డాన్సు రాదు కదా, అందుకే’ అని ఎవరూ అనరు. ఆయన గురించి చెప్పేటప్పుడు కదలిక, కోణాలు, వెలుతురు అంటారు. కసాట్ గురించి చెప్పేటప్పుడు మాతృత్వం అంటారు. ఆవిడ ఇంట్లోపలి దృశ్యాలే ఎందుకు వేసిందో తెలుసుకోవడానికి మనసు లోతులు తవ్వక్కర్లేదు, పారిస్ వీధులు చూస్తే చాలు. మానే, దెగా, రెన్వార్ కెఫేల్లో కూర్చుని, బార్లలో కూర్చుని, డాన్సు హాళ్లకి వెళ్లి బొమ్మలు వేశారు. ఒక గౌరవమైన ఇంటి ఆడపిల్ల ఒంటరిగా వెళ్లి కెఫేలో కూర్చుంటే ఆవిడ పరువు ఏమయ్యేదో మనకి ఎవరూ వివరించక్కర్లేదు. వెళ్లగలిగిన చోట్లు రెండే: బంధుమిత్రుల ఇళ్లు, థియేటర్లు. ఆవిడ ఆ రెండిటినీ వేసింది. థియేటరు బొమ్మ ఒకటి బోస్టన్‌లో ఉంది, అదీ 1878 నాటిదే. నల్ల దుస్తుల్లో ఉన్న ఒకావిడ బాల్కనీలోంచి బైనాక్యులర్స్‌తో దేన్నో దీక్షగా చూస్తూంటుంది. దూరంగా ఇంకో బాల్కనీలోంచి ఒక మగాయన ఒళ్లు వంచి, తన బైనాక్యులర్స్‌తో ఈవిడనే చూస్తూంటాడు. ఈవిడ పట్టించుకోదు. నీలం కుర్చీలో పిల్ల ఈవిడకి చెల్లెలు అనిపిస్తుంది నాకు. ఎవరు చూస్తున్నారన్నది ఇద్దరికీ అక్కర్లేదు.

పైగా ఆ తల్లీబిడ్డల బొమ్మల్లో ఉన్న ‘తల్లులు’ చాలామంది ఆ బిడ్డల తల్లులు కాదు. డబ్బులిచ్చి కూర్చోబెట్టిన మోడల్స్, ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఊరి ఆడవాళ్లు. ఫిలడెల్ఫియాలో 2024లో జరిగిన ఆవిడ ప్రదర్శనకి పేరే ‘పనిలో ఉన్న మేరీ కసాట్’ అన్న అర్థంలో పెట్టి, ఈ సంగతిని ముందుకు తెచ్చారు. షికాగోలో ఉన్న 1893 నాటి ‘పిల్లకి స్నానం’ బొమ్మ చూడండి. చారల దుస్తుల్లో ఉన్న మనిషి పిల్ల పాదాన్ని ఒక చేత్తో పట్టుకుని బేసిన్‌లో కడుగుతోంది. ఆ చెయ్యి ప్రేమగా ఉందా అంటే ఉంది, కానీ అంతకన్నా ముందు పని తెలిసిన చెయ్యి అది. పిల్లలకి నీళ్లు పోయడం ఎంత పనో, జారిపోకుండా పట్టుకోవడం ఎంత నేర్పో దగ్గర నుంచి చూసిన మనిషే అలా వేస్తుంది. మాతృత్వం అనే ఒక్క మాటతో ఆ నేర్పంతా కప్పిపెట్టేస్తాం మనం.

ఇప్పటిదాకా కసాట్ తరఫున వాదించాను. నా వాదనకి గట్టిగా ఎదురు నిలబడేది ఒకటుంది, అది కూడా చెప్పాలి. ఇలా విసుక్కుంటూ కూర్చోవడం ఎవరికి దొరుకుతుంది? 1874లో, అంటే ఈ బొమ్మకి నాలుగేళ్ల ముందు, ఫ్రాన్స్‌లో ఒక చట్టం వచ్చింది. పన్నెండేళ్లు నిండని పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టుకోకూడదని దాని సారాంశం, అది కూడా కొన్ని పరిశ్రమలకి పదేళ్లకే మినహాయింపులు ఇస్తూ. పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసిన చట్టం 1882 దాకా రాలేదు. అంటే ఈ పిల్ల నీలం కుర్చీలో జారబడిన రోజున, అదే నగరంలో ఇంకో పిల్లకి వీపు వాల్చే తీరిక లేదు. ఆ కుర్చీల దుమ్ము దులిపిన మనిషి, ఆ బకిల్స్ తుడిచిన మనిషి బొమ్మలో లేదు. ఆ పనిమనిషి ఇంట్లో కూడా ఒక పిల్ల ఉండే ఉంటుంది.

ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. అయితే దీన్ని పట్టుకుని బొమ్మని పక్కన పెట్టెయ్యాలంటే మాత్రం ఒప్పుకోను. డబ్బున్న పిల్లల బొమ్మలు అంతకుముందు మూడు నాలుగొందల ఏళ్లుగా వేస్తూనే ఉన్నారు. వాళ్లని సుఖంగా, గర్వంగా, చిన్నసైజు జమీందార్లలాగా వేశారు. అన్నీ అమరిన గదిలో కూడా పిల్లకి ఏమీ తోచదనీ, అంత ఖరీదైన సామాను ఆ పిల్ల పాదాలకి నేల అందించలేకపోయిందనీ చూపించిన బొమ్మ, ఆ ఇంటి మీద ఎవరూ అడగని ఒక రిపోర్టు రాసినట్టే. పేదరికం గురించి అందులో ఏమీ లేదు, నిజం. సంపద గురించి మాత్రం ఉంది.

ఇంకొందరు ఈ పిల్లకి బాధేదో ఉందంటారు, ఒంటరితనం అంటారు. నాకలా అనిపించదు. పక్క కుర్చీలో కుక్క ఉంది. అది బ్రసెల్స్ గ్రిఫన్ జాతి అంటారు, కసాట్‌కి ఆ జాతి కుక్కలంటే ప్రాణం. అది ఎంత హాయిగా ఉందో ఈ పిల్ల అంత స్వేచ్ఛగా ఉంది. ఇద్దరికీ ఒకటే తేడా: కుక్కకి ఎదురుచూపు లేదు, పిల్లకి ఉంది. పెద్దయ్యాక మనకి తీరిక దొరుకుతుంది కానీ, ఈ రకం ఖాళీ దొరకదు. ఏం చెయ్యాలో తెలియక, చెయ్యకపోతే తప్పని కూడా తెలియక, ఒళ్లు ఎటు జారితే అటు వదిలెయ్యడం. దాన్ని చూసి జాలిపడక్కర్లేదు. మురిసిపోనూ అక్కర్లేదు.

పోయిన ఏడాది మా అన్నయ్య కూతురికి ఓణీల ఫంక్షన్ చేశారు. డ్రోను, రెండు వీడియో కెమెరాలు, పూల ఉయ్యాల, మూడు డ్రెస్సులు. పొద్దున్న నుంచీ ఆ పిల్లని ‘గడ్డం కిందికి, కళ్లు పైకి, నవ్వమ్మా, ఇంకొంచెం నవ్వమ్మా’ అని తిప్పుతూనే ఉన్నారు. మధ్యలో లైట్లు మార్చడానికి కాసేపు ఆపితే, అది పట్టులంగా మోకాళ్ల మీదికి తోసుకుని, ఆ పెద్ద వెల్వెట్ సోఫాలో అడ్డంగా జారబడి, వడ్డాణం వదులు చేసుకుని, ఎటో చూస్తూ పడి ఉంది. “సరిగ్గా కూర్చో, జడ నలిగిపోతుంది” అని వదిన దూరం నుంచే అరిచింది. కదల్లేదు. లైటింగ్ టెస్టు కోసమో ఏమో, అసిస్టెంటు కుర్రాడు అప్పుడే ఒక ఫొటో తీశాడు. కెమెరా వెనక స్క్రీన్ మీద చూశాను. అన్నిటికన్నా బాగుంది.

ఆల్బమ్ వచ్చాక చూస్తే అందులో లేదు. నంబరు కనుక్కుని ఫోన్ చేసి, ఫలానా ఫొటో కావాలని అడిగాను. “అదా మేడమ్? వేస్ట్ షాట్ కదా, ఆ రోజే డిలీట్ చేసేశాం. పాప సరిగ్గా కూర్చోలేదు” అన్నాడు.